సజీవ స్థితి సర్టిఫికెట్టు

మొదటి తప్పు బ్యాటరీది. ఆ తర్వాత జరిగినవన్నీ ఉత్తర్వుల ప్రకారమే జరిగాయి కాబట్టి వాటిని తప్పులనడానికి వీల్లేదు.

సాగరపాలెం రేవు పట్నంలో నిషిద్ధ వస్తు సంరక్షణ శాఖ అని ఒకటుంది. అమ్మకూడదని, వాడకూడదని ప్రభుత్వం చెప్పిన సరుకు ఎవరి దగ్గరైనా కనపడితే, ఆ శాఖవాళ్ళు పట్టుకొచ్చి, కేసు తేలేదాకా తమ స్టోరులో దాస్తారు. పట్టుకునే విభాగం మేడ మీద, దాచే విభాగం కింద. కింది విభాగానికి ఇన్‌చార్జి సూరంపూడి మంగతాయారు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు. రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలుంది.

మంగతాయారు జీవితంలో సాధించినవి రెండు. ఒకటి, భర్త కామేశం చేత సిగరెట్లు మానిపించడం. అందుకు పదకొండేళ్ళు పట్టింది, రెండుసార్లు పుట్టింటికి పోవలసి వచ్చింది. రెండోది, ఆవిడ సర్వీసు రిజిస్టరులో రిమార్కుల పేజీ. ఆ పేజీలో ఇంతవరకూ ఇంకు చుక్క పడలేదు. ఒక్క మెమో లేదు, ఒక్క సంజాయిషీ లేదు. స్టోరులోంచి ఒక్క గుండుసూది పోలేదు, పోయినా ఆ సంగతి రిజిస్టరులో ఉంటుంది. ఆ పేజీని అలాగే తెల్లగా అప్పజెప్పి ఇంటికి పోవాలన్నదే ఆవిడ కోరిక. అంతకుమించి ఆవిడ ప్రభుత్వాన్ని ఏమీ అడగలేదు.

ఇంతలో త్రినాథ్ కేసు వచ్చింది. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ కవర్లు అమ్ముకునే త్రినాథ్, కవర్ల వెనక ఎలక్ట్రానిక్ సిగరెట్లు పెట్టి అమ్ముతున్నాడని పట్టుకున్నారు. మొత్తం పదకొండు వందల నలభై. ఎనిమిది నెలల తర్వాత కేసు విచారణకొచ్చింది. జడ్జిగారు ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది పెన్ను కాదని రుజువేమిటి?" అన్నారు.

మేడమీది ఇన్‌స్పెక్టరు దయాసాగర్ ముందుకొచ్చి బటన్ నొక్కాడు. వెలగలేదు. ఇంకోటి తీసి నొక్కాడు. అదీ అంతే. ఎనిమిది నెలలు పెట్టెలో పడున్న బ్యాటరీలు ఎక్కడ వెలుగుతాయి? త్రినాథ్ తరఫు ప్లీడరు ఆదిశేషయ్య లేచి, "చిత్తం, ఇది పెన్నే. ఇంకు అయిపోయింది," అన్నాడు. పనిచేసేది చూపించమని జడ్జిగారు వాయిదా వేశారు.

నాలుగో రోజుకి సర్క్యులర్ దిగింది. డిప్యూటీ డైరెక్టరు శరభేశ్వరరావు స్వయంగా రాసినది. ఆయన భార్యతో కూడా పేరాలకు నంబర్లు వేసి మాట్లాడతాడని ఆఫీసులో చెప్పుకుంటారు.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, స్వాధీనపరచుకొనబడిన సమస్త ఎలక్ట్రానిక్ ధూమపాన పరికరములను కేసు పరిష్కారమగునంతవరకు సజీవ స్థితిలో నిర్వహింపవలెను. ప్రతి నెలా ముప్పయ్యో తేదీలోపు ఒక్కొక్క పరికరమునకు బ్యాటరీ ఓల్టేజీ, కాయిల్ నిరోధం, పొగ వచ్చినదా లేదా అను వివరములతో స్టోరు ఇన్‌చార్జి సజీవ స్థితి సర్టిఫికెట్టు సమర్పింపవలెను. పొగను సహజ వినియోగ పద్ధతిలో మాత్రమే నిర్ధారింపవలెను."

మంగతాయారు సర్క్యులర్ మూడుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని నాలుగోసారి చదివి, దాన్ని పట్టుకుని శరభేశ్వరరావు గదికి వెళ్ళింది.

"సహజ వినియోగ పద్ధతంటే ఏంటి సార్?"

"సహజంగా ఎలా వినియోగిస్తారో అలా."

"నోట్లో పెట్టుకునా?"

"శాఖ నోటి ప్రస్తావన చేయలేదు. సహజం అన్నది. మీరు నోరనుకుంటే అది మీ అవగాహన."

"ఏదైనా పంపుతో లాగితే సరిపోదాండీ?"

"పంపును శ్వాసకోశంగా ఈ శాఖ ఇంతవరకూ గుర్తించలేదు మంగతాయారు గారూ."

"పోనీ, మన ఆఫీసులో సిగరెట్లు కాల్చేవాళ్ళు ఉన్నారుగా సార్. వాళ్ళచేత..."

శరభేశ్వరరావు కుర్చీలో వెనక్కి వాలాడు. "అక్కడే పొరబడుతున్నారు. కాల్చేవాడు పీలిస్తే అది అలవాటు కిందికి వస్తుంది. కాల్చనివాళ్ళు పీలిస్తేనే అది పరీక్ష. నిష్పాక్షికత ముఖ్యం. ఈ ఆఫీసులో మీకన్నా నిష్పాక్షికమైన ఊపిరితిత్తులు ఇంకెవరికున్నాయి?"

ఆవిడ సర్క్యులర్ మడుచుకుని స్టోరుకి తిరిగొచ్చింది. కాదంటే మెమో వస్తుంది.

ఇక ఓల్టేజీ ఏమిటో, నిరోధం ఏమిటో ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఇంజనీరింగు కాలేజీకి రాస్తే, నిషిద్ధ వస్తువులను తాము ముట్టుకోలేమని జవాబొచ్చింది. ఆ విద్య తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడే, బెయిలు మీద బయట ఉన్నాడు. "నిందితుని సాంకేతిక పరిజ్ఞానమును ప్రజా ప్రయోజనార్థము తాత్కాలికముగా వినియోగించుకొనుటకు" అనుమతి తెప్పించి, త్రినాథ్‌ని సలహాదారుగా వేసుకున్నారు. వాడు మెళ్ళో శాఖ గుర్తింపు కార్డు వేలాడదీసుకుని, తన దగ్గర పట్టుకున్న సరుకే దాచిన స్టోరులో కూర్చుని పాఠం మొదలుపెట్టాడు.

"ఏం లేదండి మేడంగారండీ. ఇది బ్యాటరీ. మీ మేడ మీద నీళ్ళ ట్యాంకు ఉంటది కదండి, అదనుకోండి. ఇందులో ఉన్న ఈ సన్న తీగ చుట్ట కాయిలండి. ఇది కుళాయి గొట్టం. గొట్టం సన్నగా ఉంటే నీళ్ళు తక్కువొస్తాయి. అది నిరోధం ఎక్కువున్నట్టండి. గొట్టం లావుగా ఉందనుకోండి, ట్యాంకులో నీళ్ళన్నీ ఒక్కసారే కిందికి దిగిపోతాయి. అది నిరోధం తక్కువున్నట్టు."

"నిరోధం తక్కువైతే మంచిదే కదా మరి?"

"అమ్మమ్మ! అక్కడే కొంప మునుగుద్దండి. ఓల్టుల్ని ఓములతో భాగించండి. ఎంత కరెంటు లాగుద్దో వచ్చేస్తది. మూడు పాయింటు ఏడు ఓల్టులు, ఒకటి పాయింటు రెండు ఓములు. మూడు ఆంపియర్లండి, ఈ చిన్న బ్యాటరీ నవ్వుకుంటా ఇస్తది. అదే దీనికి సున్నా పాయింటు రెండు ఓముల కాయిల్ పెట్టారనుకోండి, పద్దెనిమిదిన్నర లాగుద్ది. ఈ బ్యాటరీ ఓర్చుకునేది అయిదేనండి. కాలిపోద్ది. ఒక్కోసారి పేల్తదండి. మా బావమరిదికి ఇక్కడ కనుబొమ్మ లేదు, మీరు చూళ్ళేదు."

"మరి ఎక్కువ ఓములున్నదానికి పవరు పెంచితే?"

"కాయిల్లో ద్రవం పీల్చుకున్న దూది ఉంటదండి, అది మాడిపోద్ది. గొంతులో కొరివి పెట్టినట్టుంటది."

మంగతాయారు ఇదంతా నోట్సు రాసుకుంది. ఆవిడ ఏ పనైనా అరకొరగా చేసే మనిషి కాదు. వారం తిరిగేసరికి కాయిల్ చూసి ఓములు చెప్పేస్తోంది, చక్రం తిప్పి పవరు సరిచేస్తోంది. త్రినాథ్ బుగ్గలు నొక్కుకుని, "షాపులో మా కుర్రోళ్ళకి మూడేళ్ళు పట్టిందండి," అన్నాడు.

మొదటిరోజు మొదటి పరికరాన్ని పీల్చి, బల్ల పట్టుకుని పావుగంట దగ్గింది. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. తుడుచుకుని, రిజిస్టరులో "పొగ వచ్చినది" అని రాసి సంతకం పెట్టింది. నెలలోపు పదకొండు వందల నలభై పూర్తి కావాలంటే రోజుకి నలభై అయిదు చూడాలి. ఆవిడ నలభై ఆరు చూసింది, చివర్లో తొందర లేకుండా ఉంటుందని.

ఆ సాయంత్రం ఇంటికెళితే కామేశం గుమ్మంలోనే ఆపి వాసన చూశాడు.

"తాయారూ, ఇదేంటి, పుచ్చకాయ వాసన?"

"ఒకటో నంబరు నుంచి నలభై ఆరు దాకా పుచ్చకాయేనండీ. రేపట్నించి పుదీనా."

కామేశం ఇంకోసారి వాసన చూశాడు. తర్వాత, "నేను గోల్డు ఫిల్టరు ఒక్కటి కాలిస్తే పుట్టింటికి పోయావ్," అన్నాడు.

"అది మీ సరదా. ఇది నా డ్యూటీ," అందావిడ. పైకి గట్టిగానే అంది గానీ, ఆ పూట అన్నం సయించలేదు.

రెండో నెలలో సమీక్షా సమావేశం జరిగింది. శరభేశ్వరరావు సర్టిఫికెట్లు ముందేసుకుని కనుబొమలు ముడిచాడు.

"గత నెల మూడు పాయింటు ఏడు ఓల్టులు. ఈ నెలా మూడు పాయింటు ఏడేనా? వృద్ధి ఏదీ?"

"బ్యాటరీ అంతేనండి సార్, పెరగదండి," అన్నాడు త్రినాథ్.

"ఈ ధోరణే వద్దంటున్నాను. వచ్చే త్రైమాసికానికి నాలుగున్నర చూపించండి."

అసలు గొడవ అది కాదు. నెలకోసారి పీల్చేసరికి ద్రవం తరిగిపోతోంది, కాయిళ్ళు మాడిపోతున్నాయి. సాక్ష్యం పనిచేస్తుందని రుజువు చేయడానికి సాక్ష్యాన్నే ఖర్చు పెడుతున్నారు. నిషిద్ధ వస్తువులు కాబట్టి విడిభాగాలు బజారులో కొనడానికి లేదు. అందుకని మేడమీది విభాగాన్ని దాడులు పెంచమన్నారు. దాడులు పెరిగితే విడిభాగాలు వచ్చాయి. వాటితో పాటు ఇంకో ఆరు వందల పరికరాలు కూడా వచ్చాయి. వాటినీ సజీవంగా ఉంచాలి గదా, మంగతాయారు లెక్క రోజుకి డెబ్బైకి పెరిగింది, మళ్ళీ దాడులు పెంచారు.

వచ్చిన కాయిళ్ళు ఆరు రకాలు. ఏకరూపత లేకపోతే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుందని, ఒకే రకాన్ని శాఖ ప్రామాణిక కాయిలుగా ఎంపిక చేయడానికి కమిటీ వేశారు. కమిటీ నలభై నిమిషాలు కూర్చుంది. పోటీలో ఉన్న అంకెలు ఆరు: సున్నా పాయింటు రెండు మొదలుకుని ఒకటి పాయింటు ఎనిమిది దాకా. ప్రభుత్వ నిబంధన ప్రకారం ఎప్పుడూ అన్నిటికన్నా తక్కువ అంకె వేసినవారినే ఎంపిక చేయాలి. కమిటీవాళ్ళు సర్వీసంతా టెండర్లు తెరిచినవాళ్ళు. అంచేత సున్నా పాయింటు రెండును ఏకగ్రీవంగా ఎంపిక చేశారు.

త్రినాథ్ నెత్తి కొట్టుకున్నాడు. "పేల్తాయండి మహప్రభో!" అన్నాడు. సలహాదారు సలహాను మినిట్స్‌లో నమోదు చేశామని శరభేశ్వరరావు చెప్పాడు.

మంగతాయారు ఆ కాయిళ్ళ పెట్టెను తీసుకుని, అందినట్టు రాసి సంతకం పెట్టి, ఇనప బీరువాలో పెట్టి తాళం వేసింది. వాడమని ఉత్తర్వు వచ్చింది గానీ, ఫలానా తేదీ లోపల అని అందులో లేదు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఆవిడ నేర్చుకున్న విద్య అది. పాత కాయిళ్ళనే శుభ్రం చేసుకుంటూ నెట్టుకొచ్చింది.

ఈ మధ్యలో ఒక చిన్న సంగతి జరిగింది. ఎవరూ గమనించలేదు. ఒక ఆదివారం మంగతాయారుకి పొద్దుటినుంచీ తలనొప్పి. పప్పులో ఉప్పెక్కువైందని తనమీద తనే విసుక్కుంది. కామేశం పేపరు మడత శబ్దం చేశాడని అరిచింది. మధ్యాహ్నం మూడు గంటలకి, స్టోరు తాళం సరిగ్గా వేశానో లేదో అని లేచి చెప్పులేసుకోబోయింది. సోమవారం పదిన్నరకి నాలుగో పరికరం పరీక్షించేసరికి తలనొప్పి ఎగిరిపోయింది. వాతావరణం మారిందనుకుంది ఆవిడ.

మూడో నెల మొదటి వారంలో దాడి జరిగింది.

మేడమీది విభాగానికి నెలకి ఇన్ని కేసులని లక్ష్యం ఉంటుంది. ఊళ్ళో సరుకంతా ఊడ్చేశాక దయాసాగర్‌కి కేసులు దొరకడం కష్టమైంది. ఒకరోజు మెట్లు దిగుతుంటే కింద స్టోరులోంచి పుదీనా వాసన వచ్చింది. వాసన పట్టుకుని లోపలికి వెళ్ళాడు. ఒక ఆడమనిషి నోట్లో నిషిద్ధ పరికరం, చుట్టూ పదిహేడు వందల నలభై పరికరాలు, గదంతా పొగ. అతని సర్వీసులో అంత పెద్ద కేసు ఇంతవరకూ తగల్లేదు.

"కదలకండి మేడమ్," అన్నాడు.

"ఆగు నాయనా, ఇది నాలుగు వందల పదిహేడు. రాసుకోనీ," అంది మంగతాయారు.

ఆవిడ సర్క్యులర్ చూపించింది. దయాసాగర్ భక్తిగా చదివాడు. "ఇది కింది విభాగానికి ఇచ్చిన ఉత్తర్వు మేడమ్. మాది మేడమీది విభాగం. ఎవరి దగ్గర కనపడినా పట్టుకోమని మా ఉత్తర్వు. మీ ఉత్తర్వు మీరు పాటించారు, నేను మెచ్చుకుంటున్నాను. మా ఉత్తర్వు నన్ను పాటించనివ్వండి."

పదిహేడు వందల నలభై పరికరాలనూ మళ్ళీ స్వాధీనం చేసుకున్నారు. కొత్త కేసు నంబరు వేశారు. స్వాధీనం చేసుకున్న సరుకును నిబంధనల ప్రకారం భద్రపరచడానికి స్టోరు ఇన్‌చార్జికి అప్పజెప్పారు. మంగతాయారు లెక్క చూసుకుని, తన మీద సాక్ష్యాన్ని తానే సంతకం పెట్టి తీసుకుంది. వాటినీ సజీవంగా ఉంచవలసిన బాధ్యత ఆవిడదే కాబట్టి మర్నాడు మళ్ళీ డెబ్బై చూసింది.

ఆదిశేషయ్య వకాల్తా తీసుకున్నాడు. ఆయన సలహా చాలా తేలిక.

"అమ్మా, మీరేం చెయ్యొద్దండి. అసలు ఏమీ చెయ్యొద్దు. మీ చేతిలో పట్టుకున్నది నాలుగు వందల పదిహేడో నంబరు కదా. దానికి చార్జింగ్ పెట్టకండి. కోర్టులో వెలగదు. వెలగకపోతే పెన్ను. పెన్ను పెట్టుకోవడం నేరం కాదు."

"సజీవ స్థితి సర్టిఫికెట్టు ఇవ్వాలి కదండీ."

"వాయిదా ఎప్పుడు? ఇరవై ఎనిమిది. సర్టిఫికెట్టు ఎప్పటికి? ముప్పయ్యో తేదీకి. ఇరవై తొమ్మిదిన చార్జింగ్ పెట్టుకోండి. మీ మాటా దక్కుద్ది, మీ పేజీ కూడా తెల్లగా ఉంటది."

కామేశం చేతులు పట్టుకుని బతిమాలాడు. "తాయారూ, నీకు దణ్ణం పెడతాను. ఒక్కదానికి చార్జింగ్ పెట్టకు. జైలంటున్నారే!"

ఆవిడ సరేనంది. కానీ ఆ మూడు వారాలూ నాలుగు వందల పదిహేడు ఉన్న అర ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా మొహం పక్కకి తిప్పుకునేది. తన చేతికి అప్పజెప్పిన వస్తువును కావాలని చంపుతున్నానని ఆవిడకి దుఃఖం. ఆ దుఃఖం నవ్వుకోదగ్గది కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఒక పని సరిగ్గా చేసినవాళ్ళకి అది తెలుస్తుంది.

ఇరవై ఎనిమిదిన కోర్టు నిండిపోయింది. త్రినాథ్ సాంకేతిక సాక్షిగా రావలసినవాడు, పక్క హాల్లో తన కేసులో తానే ముద్దాయిగా నిలబడవలసి వచ్చి రాలేకపోయాడు. ఆదిశేషయ్య సర్క్యులర్ చదివి వినిపించాడు. సర్క్యులర్ చట్టానికి పైది కాదని జడ్జిగారు అన్నారు. సరే, పరికరం పనిచేస్తుందేమో చూడమన్నారు.

దయాసాగర్ బటన్ నొక్కాడు. వెలగలేదు.

"పెన్ను," అన్నాడు ఆదిశేషయ్య, కూర్చునే.

కానీ దయాసాగర్ ఈసారి సిద్ధపడి వచ్చాడు. జేబులోంచి నిండా చార్జింగ్ చేసిన ఇంకో బ్యాటరీ తీసి బిగించాడు. అక్కడితో ఆగలేదు. నిబంధనలు తు.చ. తప్పకుండా పాటించే ఉత్సాహంలో, పాత కాయిల్ పీకేసి, దాడుల్లో దొరికినవాటిలోంచి నమూనాగా మేడమీద ఉంచుకున్న శాఖ ప్రామాణిక కాయిల్ తగిలించాడు. కోర్టులో ఇన్‌స్పెక్టరు పీలిస్తే పక్షపాతం అంటారని, కోర్టు తరఫు మనిషి పీల్చాలని జడ్జిగారు సెలవిచ్చారు. బెంచి క్లర్కు ముందుకొచ్చాడు. యాభై దాటిన మనిషి, దళసరి కళ్ళద్దాలు. పరికరాన్ని భయంభయంగా పెదవుల మధ్య పెట్టుకుని, బటన్ మీద వేలు ఆనించాడు.

మంగతాయారుకి నిలబడినచోటి నుంచే ఆ లావు తీగ కనిపించింది. సున్నా పాయింటు రెండు.

ఆవిడ నోరు మూసుకుని నిలబడితే చాలు. అది కాలిపోతుంది, సాక్ష్యం ఉండదు, కేసు ఉండదు. తెల్ల పేజీ తెల్లగానే ఉంటుంది. ఆదిశేషయ్య ఆవిడకేసే చూస్తున్నాడు. కామేశం వెనక బెంచీలో దేవుణ్ణి తలుచుకుంటున్నాడు.

"నొక్కద్దు!" అని అరిచింది మంగతాయారు. "నాయనా, నొక్కద్దు! మూడు పాయింటు ఏడు బై సున్నా పాయింటు రెండు. పద్దెనిమిదిన్నర ఆంపియర్లు లాగుద్ది. ఆ బ్యాటరీ అయిదుకు మించి ఓర్చుకోదు. మొహం కాలిపోద్ది, కిందపెట్టు!"

బెంచి క్లర్కు దాన్ని బల్ల మీద పారేసి మూడడుగులు వెనక్కి వేశాడు. ఆవిడ బోనులోంచి దిగొచ్చింది. ఎవరూ ఆపలేదు. ప్రామాణిక కాయిల్ పీకి, పాత కాయిల్ కొంగుతో తుడిచి బిగించింది. చక్రాన్ని పది వాట్లకి తిప్పింది. బటన్ నొక్కి, కళ్ళు మూసుకుని, నిండుగా పీల్చి వదిలింది. తెల్లటి పొగ నెమ్మదిగా పైకి లేచి న్యాయపీఠం దాకా వెళ్ళింది. పుదీనా వాసన.

"పొగ వచ్చినది," అంది మంగతాయారు, అలవాటు కొద్దీ.

జడ్జిగారు పొగ పక్కకు తోసుకుని అడిగారు. "ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నారమ్మా?"

"ప్రభుత్వమే నేర్పించిందండీ."

తీర్పు ఆ పూటే చెప్పారు. ఒకే కాగితం మీద రెండు పేరాలు. మొదటి పేరాలో, స్టోరు ఇన్‌చార్జి శ్రీమతి మంగతాయారు సాక్ష్య వస్తువును అత్యుత్తమ స్థితిలో భద్రపరచి, కోర్టు సిబ్బంది ప్రాణాన్ని కాపాడినందుకు ప్రశంస. రెండో పేరాలో, ముద్దాయి శ్రీమతి మంగతాయారుకు నిషిద్ధ పరికర వినియోగంలో సంపూర్ణ ప్రవేశం ఉన్నట్టు కోర్టు కళ్ళారా చూసినందున నేరం రుజువైనట్టు నిర్ణయం. శిక్ష, ఆ రోజు కోర్టు లేచేదాకా కూర్చోవడం. ఆవిడ కూర్చుంది. ఆదిశేషయ్య మొహం చూపించకుండా వెళ్ళిపోయాడు. బెంచి క్లర్కు ఒక గ్లాసు మజ్జిగ తెచ్చి ఆవిడ చేతికిచ్చి తిరిగి వెళ్ళాడు.

సాయంత్రానికి రెండు ఎంట్రీలూ రిమార్కుల పేజీ ఎక్కాయి. శరభేశ్వరరావు స్వయంగా చూపించాడు. "ప్రశంస ఒకటి, శిక్ష ఒకటి. సమతూకంగా ఉంది. కంగారు పడకండి." అప్పీలుకి మూడు నెలల గడువుంది కాబట్టి అప్పటిదాకా అన్నింటినీ సజీవంగానే ఉంచాలని కూడా గుర్తు చేశాడు. మంగతాయారు పేజీకేసి చాలాసేపు చూసింది. ఏడుపొచ్చింది, ఆపుకుంది.

సాక్ష్య వస్తువును సంతకం పెట్టి తీసుకుని స్టోరులోకి వెళ్ళింది. బయట కామేశం స్కూటరు మీద కూర్చుని ఉన్నాడు. "వచ్చెయ్ తాయారూ, పోదాం," అన్నాడు మెల్లగా.

"ఒక్క నిమిషమండీ."

ఆ నెల పరీక్షలన్నీ అయిపోయాయి. నాలుగు వందల పదిహేడుది జడ్జిగారి ఎదుటే అయింది. రిజిస్టరు మూసి ఉంది, పెన్నుకు మూత పెట్టి ఉంది. మంగతాయారు తలుపు దగ్గరికి వేసింది. నాలుగు వందల పదిహేడు చేతిలోకి తీసుకుని, చక్రం పది మీద ఉందో లేదో చూసుకుని, బటన్ నొక్కి పీల్చింది.

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆవిడ రిజిస్టరులో రాయకుండా చేసిన పని అదొక్కటే.